భ్రమరాంబ జాడీ

హేమంతము కడముట్ట వచ్చినది. గౌతమీగర్భమునుండి లేచిన తుషారధూమము తీరమునందలి నారికేళవనముల మొదళ్లను మ్రింగి శిరస్సులను మాత్రము విడిచిపెట్టుటచే నా వృక్షములు నేల యెరుగక యాకాశముననే మొలచినవో యన్నట్లు కానవచ్చుచుండెను. సూర్యుడుదయించియు నుదయింపనివానివలె మంచుచాటున వెలవెలబోవుచుండ నదిమీద పడవవాండ్ర కేకలు వినవచ్చుటయేగాని పడవలు కంటికానకుండెను. నది రెండుపాయలుగ చీలి నడుమ నిలిపియుంచిన వేల్పులంక యను గ్రామమున వీథికొసనున్న యొక పెంకుటింటి వెనుకవసారాలో వరిపొట్టు నింపిన గుంతలయందు మెడలమట్టునకు పాతిపెట్టబడిన నేయి పట్టించిన కుండలు బారులు తీరియుండెను. ప్రతివర్షమును నీ కాలమున నా కుండలన్నియు ద్రాక్షారిష్టముతోడను దశమూలారిష్టముతోడను నిండి లోలోపల గుసగుసలాడుచుండెడివి. ఆ యేడు మాత్రమవి వట్టివి.

ఆ గృహమునకు యజమానియగు మార్కండేయశాస్త్రి వంశపారంపర్యముగ వైద్యవృత్తి నవలంబించినవాడు. ఆసవారిష్టముల నాయనవలె సంధానింపగలవాడు లంకలన్నిటిలోను లేడని ప్రతీతి. ఆ ప్రతీతిని జనులకంటె నాయనయే యెక్కువగ నమ్మెను. ఆయన గొప్ప మాటకారి. రోగి చేయిపట్టుకొని నాడి చూచులోపల వాని మేనమామల యోగక్షేమములు మొదలుకొని దొరతనమువారి కాలువల మరమ్మతులవఱకు సర్వమును ముచ్చటించి రోగి తన నొప్పిని తాను మఱచునట్లు చేసి పంపుట యాయనకు వెన్నతో పెట్టిన విద్య.

అర్ధాంగియగు భ్రమరాంబ యందులకు బొత్తిగ విపరీతముగ నుండెడిది. అడిగినదానికి ఊ యనుటయు నడుగనిదానికి మిన్నకుండుటయు నామెకు తెలిసిన సంభాషణమంతయు. సంతానము కలుగలేదు. కలిగియున్నచో నా బిడ్డలతోనైన మాటలాడెడిదేమోయని పొరుగువారనుకొనిరి. భర్త భోజనముకడ కూర్చుండి యూరివార్తలన్నియు వల్లించి వల్లించి బదులు రాకపోగా విసిగి “నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయటే?” యనెడివాడు. ఆమె యన్నము వడ్డించి పోయెడిది. తన కళత్రమునకు తనయందనురాగము లేదని యాయన వయసున నున్నప్పుడు బాధపడెను, నడివయసున కోపగించెను, వార్ధకమున నా మాట నొక పాతనొప్పివలె నలవాటు చేసికొనెను.

ఆ ప్రాంతపు వైద్యకుటుంబములలో నొక యాచారము గలదు. కషాయమున బెల్లమును ధాతకీపుష్పములును గలిపి కుండ మూసినంతమాత్రమున నరిష్టము కాజాలదు. ఆ తీపిని తిని దానిని మద్యముగ మార్చునట్టి సజీవపదార్థ మందు వెలయవలయును. పువ్వులతోడను గాలితోడను దానంతట వచ్చునది కొంత గలదుగాని యది నమ్మదగినది కాదు. కావున నేటేట కుండల యడుగున పేరుకొనిన తెల్లనిమడ్డిని తీసి సంవత్సరమంతయు బ్రతికించి మఱుసటియేడు విత్తనముగ వాడుదురు. శాస్త్రమెరిగినవారు దానిని కిణ్వమందురు. ఇండ్లలో మడ్డి యనియే యందురు. వైద్యుని యింటికి వచ్చు కోడలు తన పుట్టినింటి మడ్డిని చిన్నజాడీలో పోసి తడిగుడ్డ చుట్టి యొడిలో నుంచుకొని కాపురమునకు రావలయును, వచ్చిన పిదప దానిపోషణ మామెదియే, పురుషులందు చేయిపెట్టరాదు.

భ్రమరాంబయు నట్లే పడవలో నొడినిండ జాడీతో వచ్చెను. పెరటిప్రక్క గదిలో దానిని వెడల్పుమూతిగల పెద్దజాడీలోనికి మార్చి పలుచని గుడ్డ వాసెనగట్టి యుదయమున నొక గరిటెడును సాయంకాలమున నొక గరిటెడును పలుచని బెల్లపునీటిని పోసి తెడ్డుతో చాలసేపు త్రిప్పుచుండెడిది. అంతకంటె నొక బొట్టు పోయదు. ఆ గదిగుమ్మముకడ నిలిచి శాస్త్రి యొకానొకప్పుడు పరిహసించెను.

“పుట్టింటినుంచి తెచ్చుకున్నదానికి కూడా గరిటెల్లెక్కనేనా? కాస్త చెయ్యి జార్చరాదటే?”

“చాలండి,” యని యామె తెడ్డు త్రిప్పుచునేయుండెను. ఎందులకు చాలునో యాయన యడుగలేదు, ఆమె చెప్పలేదు.

గడచిన శ్రావణమున లంకకు వఱదతోపాటు విషజ్వరము వచ్చెను. ఊరిలో పెక్కుమంది కాయన చేతిమందుచే నిమ్మళించెను. భ్రమరాంబకు మాత్రము నిమ్మళింపలేదు. చిరకాలము నమ్మి నూరిన మాత్రలన్నియు నామె విషయమున మొగము చాటుచేసినవి. ఆమె పోవునపుడైనను నేదియు చెప్పక గోడవైపు తిరిగి పరుండి యట్లే పోయెను.

అటుపిమ్మట నా యింట నిశ్శబ్దము ప్రవేశించెను. ఇందొక విచిత్రము గలదు. ఆమె జీవించియున్ననాడును నా యింట వినబడుచుండిన కంఠమొక్క శాస్త్రిదియే, ఆ కంఠమిప్పుడును నుండెను, అడ్డుపెట్టువారును లేరు. అయినను మాట పెగిలి రాకుండెను. వినునది లేక వాగ్ధాటి యేమగునో యాయనకంతకుముందు తెలియదు. నాడి చూపించుకొనుటకై వచ్చినవారిని రేపు రమ్మనెను. రేపు వచ్చినవారిని మఱల రేపు రమ్మనెను. తుదకు వారు వచ్చుటయే మానిరి. ఇల్లు కాళ్లుచాచుకొని మీదపడుచున్నట్లుండ నాయన పగలంతయు వసారాలో గోడకు చేరగిలి యొంటరితనమున క్రుంగిపోయెను.

ఒకనాడు పెరటిగదినుండి పులుపువాసన వచ్చెను. అప్పుడాయనకు జాడీ జ్ఞాపకమునకు వచ్చెను. భార్యచేతులలో పెరిగినవాటిలో నింకను ప్రాణముండదగినది లోకమున నదియొక్కటియే. ఆచారమును తలపక గది చొచ్చి వాసెన విప్పి చూడగా లోపలినీరు గోధుమవర్ణమై తగ్గి యడుగున మడ్డి పలుచబడియుండెను. “అయ్యో, పస్తులు పెట్టేనే నిన్ను!” అని వాపోయి యాయన భాండాగారమునుండి బెల్లపచ్చు నొకటి తెచ్చి పగులగొట్టి నీట కరగించి యంతయు నందు కుమ్మరించెను.

సాయంకాలమునకు జాడీ మేలుకొనెను. నురుగు పొంగి వాసెనగుడ్డను పైకెత్తెను. బుడగలు లేచుచు పగులుచు బుసబుసమని ధ్వనిచేయజొచ్చెను. శాస్త్రి చెవియొగ్గి వినెను. ఎన్నినాళ్లకో యా యింట తనది కాని శబ్దమొకటి పుట్టెను. పక్కగదిలో నెవరో పనిచేసికొనుచు తమలో తాము మాటలాడుకొనుచున్నట్లుండెను. వృద్ధుడు జాడీకి చెంపయాన్చి సంతోషాతిశయమున కంటతడిపెట్టెను.

నాటినుండి యాయన దినచర్య మారినది. ప్రొద్దుట లేచినతోడనే బెల్లము, మధ్యాహ్నము బెల్లము, బుడగల సద్దు కొంచెము తగ్గెనా, మఱల బెల్లము. భ్రమరాంబ దీని నెంత లోభముగ పెంచెను, తానెంత ధారాళముగ పెంచుచున్నాడని యొకవిధమైన గర్వముకూడ కలిగెను. చాపవేసికొని జాడీప్రక్కనే కూర్చుండి యూరివార్తలు చెప్పెను. చెప్పుటకు వార్తలు లేనప్పుడు పాతవి చెప్పెను. అది యెడతెగక బదులు పలుకుచుండెను. అన్నియేండ్లు భార్యనోట వినగోరిన బదుళ్లన్నియు నా నురుగులో వినవచ్చుచున్నట్లాయనకు తోచెను.

పొరుగింటి పేరిందేవమ్మ యొకనాడు పులుసుగిన్నె తెచ్చి గుమ్మముకడ నాగి లోపలికి తొంగిచూచెను.

“ఎవరొచ్చేరు బాబాయిగారూ? మాటలు వినపడతా ఉంటేనూ.”

“ఎవరూ రాలేదమ్మా,” యని శాస్త్రి తలవంచుకొనెను. ఆమె గిన్నె గట్టుమీద నుంచి వెళ్లిపోయెను.

కాలక్రమమున జాడీ ధోరణి మారెను. పొంగు నానాటికి తక్కువయ్యెను. వాసెన విప్పగనే కల్లుపాకవాసన ముక్కుపుటములదరగొట్టెను. తెడ్డు ముంచి చూడగా నడుగున మడ్డి పెరుగుటకు మారుగ నింకను పలుచబడియుండెను. ఇన్ని బెల్లపచ్చులు తిని యీ జీవమేల చిక్కిపోవుచున్నదో యాయన కర్థముకాలేదు. వైద్యుడైనందున నొక యర్థము తానే కల్పించుకొనెను: ఆకలి పెరిగియుండును. నీరు తగ్గించి బెల్లము పెంచి గట్టిపాకముగ పోసెను. ఆ మఱునాడు చెవియాన్చి వినెను. ఏ శబ్దమును లేదు. గుడ్డ విప్పి వినెను. లేదు. ఊపిరి బిగబట్టి వినెను. తన గుండెచప్పుడు తనకు వినబడెనేగాని జాడీలోనుండి సద్దు రాలేదు. రెండవమారు భార్యను పోగొట్టుకొంటినని యాయన గదిగుమ్మమున కూలబడెను.

నదికావలి రేవుపట్టణమున మిషనువారి యాసుపత్రిలో ఎస్తేరమ్మ యను వైద్యురాలు గలదు. ఆమెకడ సూక్ష్మదర్శినియను గాజుకంటి యంత్రము గలదని శాస్త్రి యెరుగును. గాజుకంటితో చూచి మందిచ్చునట్టి వైద్యమేమి వైద్యమని పదిమందిలో నవ్వినవాడాయనయే. అట్టివా డిప్పుడు జాడీలోనిదానిని చిన్నచెంబులోనికి వంచుకొని యుత్తరీయము కప్పి పడవయెక్కెను. తెరచాపక్రింద చెంబు నొడిలో నుంచుకొని కూర్చుండగా నొకనాటి నవవధువు తనయెదుట నట్లే కూర్చుండిన దృశ్యము మనసున మెదలెను.

ఎస్తేరమ్మ మధ్యవయస్కురాలు, నుదుట నలసటయు చూపున మార్దవమును గలది. శాస్త్రి సంగతి విన్నవించుచున్నంతసేపును నామె యడ్డుతగులలేదు. పిదప చెంబులోని బొట్టును గాజుపలకమీద పరచి యంత్రముక్రింద నుంచి తాను చూచి యాయనను చూడుమనెను. శాస్త్రి వంగి కన్నాన్చెను. వెలుగుమడుగులో నసంఖ్యాకములైన యండాకారపు సూక్ష్మదేహములు పడియుండెను. వానిలో పెక్కు ఎండుద్రాక్షలవలె ముడుతలుపడియుండెను. తన చేతిమీదుగ నిన్నియేండ్లు సంధానింపబడిన మందులను చేసిన యసలు పనివాండ్రను చూచుట యాయన కదియే మొదలు.

“శాస్త్రిగారూ, ఇవి ఆకలికి పోలేదండి. ఎక్కువ తిని ఇలా అయ్యేయి.”

“గాలాడకుండా మూసేననుకుంటున్నారేమో. పల్చటి గుడ్డే కట్టేనమ్మా. రోజూ తెడ్డేసి తిప్పేను కూడాను.”

“గాలి ఉందండి, ఉన్నా పీల్చుకోవు. తీపి కొద్దిగా ఉంటే ఇవి గాలి పీల్చుకుని, తిన్నదంతా ఒంటికి పట్టించుకుని పిల్లల్ని పెడతాయి. తీపి మితిమీరిందంటే ఊపిరి సంగతే మానేసి, గబగబా సగం సగం తిని, మిగతాదంతా సారా చేసి వదిలేస్తాయి. మీరు విన్న బుడగలు అవేనండి. సందడే గాని పెరుగుదల ఉండదు.”

“మరి ఆ సారా?”

“తీపి అయిపోయి ఆకలేస్తే, గాలి పీల్చుకుంటూ ఆ సారానే తాగి మళ్లీ పెరుగుతాయండి. మీరు ఆకలెయ్యనిస్తేనా? సారా మీద సారా పోగై ఆ ఘాటులోనే చాలామట్టుకు పోయేయి. ఆఖర్న పాకం పోసేరు గదా, ఉప్పులో మామిడిముక్క నీరు వదిలేసినట్టు, మిగిలినవి ఒంట్లో నీరంతా వదిలేసి ముడుచుకుపోయేయి.”

శాస్త్రి చాలసేపు గాజుపలకవంక చూచుచుండి “బతుకుతాయా?” యని మెల్లగ నడిగెను.

“కొన్ని ఇంకా గుండ్రంగా ఉన్నాయండి. పైది కొంత వంచేసి కొంచెం కొంచెంగా నీళ్లు కలపండి. కుదుటపడ్డాక పల్చటి బెల్లపునీళ్లు ఓ గరిటె, అంతే. బాగా తిప్పండి. బుడగల చప్పుడు వినపడిందంటే ఎక్కువ పెట్టేరన్నమాట.”

“ఆ చప్పుడు లేకపోతే మా ఇంట్లో ఇంకేమీ వినపడదమ్మా.”

వైద్యురాలు లేచినది కాదు; యంత్రమునకు గుడ్డతొడుగు తొడిగి ముడివేయుచు “మా ఇంట్లోనూ అంతేనండి,” యనెను. కిటికీవెలుపల రోగులవరుస కదలినంతట నామె లేచెను. ఆయనయు లేచి నమస్కరించి రేవునకు నడచెను.

ఇల్లుచేరి శాస్త్రి యామె చెప్పినదంతయు చెప్పినట్లు చేసెను. పైపాకమును వంచివేసెను, నీటిని తడవతడవకు చేరెడంతగా కలిపెను, మనసు రాయిచేసికొని గరిటెడు పోసి చేయి వెనుకకు తీసికొనెను. అది యెంత కష్టమో యాయనకే తెలిసెను. బెల్లమింటినిండ నుండగా బిడ్డను పస్తుపెట్టి పరుండబెట్టుచున్నట్లు ప్రాణము విలవిలలాడెను. తెడ్డు త్రిప్పి త్రిప్పి భుజము నొప్పిపెట్టెను. జాడీ మాత్రము పలుకలేదు. ఉదయమున పోయగ పలుకలేదు. సాయంకాలమున పోయగ పలుకలేదు. చాపమీద కూర్చుండి వార్త చెప్పబోయి, బదులిచ్చునట్టి సద్దు లేమిచే, నడుమనే మానెను. ఇల్లు మఱల నోరుమూసికొనెను.

ఇట్లు దినములు గడువ మాఘమాసపు టపరాహ్ణమొకటి వచ్చెను. ఎండ పెరటిలో పడియుండెను. వీథిలో మనుష్యసంచారము లేకుండెను. ఆ నిశ్శబ్దము సహింపరానిదయ్యెను. జాడీ చచ్చినదని శాస్త్రి నిశ్చయించుకొనెను. చచ్చినచో బెల్లమువలన రాబోవు చేటు లేదు. ఒకవేళ బ్రతికియున్నచో నొక్కపొంగు పొంగి యొక్కమారైన పలుకును. పలికినపిదప నేమైన కానిమ్ము. ఈ తర్కము తప్పని యాయన కప్పుడును తెలియును. తెలిసియు లేచి కొత్త బెల్లపచ్చు నొకటి చేతబట్టి గదిలోనికి పోయి వాసెన విప్పి జాడీమీదికి చేయిచాచెను. వ్రేళ్లు సడలించుటయే తరువాయి.

అప్పుడెందులకో యాయనకు సాయంకాలములు జ్ఞాపకమునకు వచ్చెను. దీపములు పెట్టుటకు ముందు తాను వసారాలో కూర్చుండి మందు నూరుచుండగా భ్రమరాంబ యింటిపని ముగించుకొని వచ్చి తలుపుచెక్కకు చేరగిలి కూర్చుండెడిది. ఏమియు మాటలాడదు. తనవైపు చూడనుగూడ చూడదు. పెరటిలోనికి చూచుచు కూర్చుండి దీపమువేళకు లేచిపోవును. ఆమె కచట పనియేమియు లేదు. ఒకనాడు తాను “ఏం కావాలే?” యని కసరగా “ఏమీ వద్దండి” యని యామె లేవక యట్లే కూర్చుండెను. జ్వరము మంచమున పడవేసిన సాయంకాలమువఱకు నామె యా కూర్చుండుట మానలేదు. కాపురమునకు వచ్చిన కొత్తలో చుట్టములు పదిమందియుండి యిల్లు కళకళలాడిననాడును, వారందఱు పోయి తామిరువురే మిగిలిననాడును, తాను కోపగించి పలుకనిదినములలోను, ఆమె వచ్చి కూర్చుండెను. ప్రతిదినమును నామె తనకొక గరిటెడు పోయుచునేయుండెను. తాను బుడగలు వినగోరి యామెకు ప్రేమ లేదని తీర్పుచెప్పెను.

శాస్త్రి బెల్లపచ్చును నేలమీద పెట్టి రెండుచేతులతో మొగము కప్పుకొని చంటిబిడ్డవలె వెక్కివెక్కి యేడ్చెను. ఆమె పోయిననాడును నాయన యంతగ నేడ్చి యెరుగడు. నాడు చుట్టునున్నవారు వినుటకై కొంత యేడ్చెను. నేడు విన నెవరును లేరు.

దుఃఖము కొంత తెరపియైన పిదప నాయన కన్నులు తుడుచుకొని జాడీ నంచుపట్టి మెల్లమెల్లగ వంచెను. పైనీరు నిర్మలముగ నొకవైపునకు జరిగెను. అడుగున తెల్లని మడ్డి వేలిమందమున వెన్నవలె పేరుకొని నిగనిగలాడుచుండెను. తాను చెవియొగ్గి నిరాశపడిన దినములన్నిటిలోను నది సద్దుచేయక గాలి పీల్చుకొని పెట్టినకొంచెమును నొంట బట్టించుకొని పెరుగుచునేయుండెను. వాంఛ యధికమైనచోట మానవుడు కోలాహలమునే ప్రాణమని భ్రమించుటయు మౌనమున కూర్చుండిన ప్రాణమును గుర్తింపక పోవుటయు లోకసహజమే. అది తెలియుటకు కొందఱికి జీవితమంతయు పట్టును. తెలిసిన వేళకు చెప్పుకొనవలసినవారుండరు.

మార్కండేయశాస్త్రి గరిటెడు బెల్లపునీటిని పోసి తెడ్డుతో చాలసేపు త్రిప్పి గుడ్డ వాసెనగట్టి జాడీప్రక్క చేరగిలి కూర్చుండెను. పెరటిలో నెండ క్రమముగ చల్లబడుచుండెను. ఆయన కొంతసేపటికి “నాకిప్పటికి తెలిసిందే, భ్రమరా” యనెను.

జాడీ బదులు పలుకలేదు. అది బ్రతికియుండెను.